వర్షారణ్యపు వన్యప్రాణి కేంద్రంలో సేవకు వెళ్లాలనుకుంటున్నాను: సరైన చోటును ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్లు. కామర్స్ చదివి ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. చిన్నప్పటి నుంచి జంతువులంటే ప్రాణం. వర్షారణ్యాల్లో గాయపడిన, తల్లిని కోల్పోయిన జంతువులను కాపాడి తిరిగి అడవికి పంపే కేంద్రాల్లో వాలంటీరుగా పనిచేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆఫీసులో రెండు నెలలు జీతం లేని సెలవు ఇస్తామన్నారు. దక్షిణ అమెరికాలో ఒక కేంద్రం, బోర్నియోలో మరొకటి నా దృష్టిలో ఉన్నాయి. రెండూ భోజనం, వసతి కోసమని వాలంటీర్ల దగ్గరే డబ్బు తీసుకుంటున్నాయి. పనిచేసేది మనమే అయినప్పుడు డబ్బెందుకు కట్టాలని, ఇది మోసమేమోనని ఇంట్లో అంటున్నారు. మొదటి కేంద్రం ప్రకటనలో వాలంటీర్లు కోతిపిల్లలను గుండెలకు హత్తుకుని సీసాతో పాలు పడుతున్న ఫొటోలు ఉన్నాయి. రెండో కేంద్రం మాత్రం జంతువులను తాకే అవకాశం ఉండదని ముందే రాసింది. నిజం చెప్పాలంటే నా మనసు మొదటిదాని వైపే లాగుతోంది. పశువైద్యం చదవని నాలాంటివాళ్ల వల్ల అక్కడ ఉపయోగం ఉంటుందా? జబ్బులు, భద్రత గురించి అమ్మ చాలా భయపడుతోంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, తాకే అవకాశం ఉండదని ముందే చెప్పిన కేంద్రమే మీరు వెళ్లదగిన చోటు అని నాకు అనిపిస్తోంది. మీ మనసు మొదటిదాని వైపు లాగడం సహజం, అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. తల్లి లేని పిల్లను చూసినప్పుడు చేతుల్లోకి తీసుకోవాలని అనిపించనివారికి ఈ పని మీద ఆసక్తే కలగదు. అయితే ఆ కోరికను తీర్చే కేంద్రానికీ, ఆ పిల్లను అడవికి చేర్చే కేంద్రానికీ చాలా తేడా ఉంటుంది. టికెట్ కొనకముందే ఆ తేడాను గుర్తుపట్టగలగాలి కాబట్టి ముందుగా దాని గురించే వివరంగా రాస్తాను.

ఆ ఫొటోలోని కోతిపిల్ల అక్కడికి ఎలా చేరి ఉంటుందో ఆలోచించండి. కోతుల పిల్లలు, ఒరాంగుటాన్, బొనొబో వంటి తోక లేని పెద్ద వానరాల పిల్లలు పుట్టింది మొదలు తల్లి ఒంటిని పట్టుకునే పెరుగుతాయి. బతికున్న తల్లి నుంచి పిల్లను లాక్కోవడం దాదాపు అసాధ్యం కనుక, వాటిని అమ్ముకునేవాళ్లు తల్లిని చంపి పిల్లను పట్టుకుంటారు. అడవి మధ్యగా వెళ్లే కరెంటు తీగలు తగిలి తల్లి చనిపోయినప్పుడో, రోడ్డు దాటుతూ వాహనం కింద పడినప్పుడో పిల్ల ఒక్కటే మిగిలిపోవడమూ ఉంది. మధ్య అమెరికాలో హౌలర్ కోతులకు ఈ తీగలే పెద్ద గండం. ఎలా వచ్చినా, కేంద్రం గడప తొక్కేసరికే ఆ పిల్ల తల్లిని పోగొట్టుకుని ఉంటుంది. ఎత్తుకున్నవారికి అది వెంటనే అతుక్కుపోతుంది. కొన్ని వారాలకు ఆ వాలంటీరు ఇంటికి వెళ్లిపోతారు, వారి స్థానంలో మరొకరు వస్తారు, ఆ తర్వాత ఇంకొకరు. మనకు అది ఒక మంచి అనుభవంగా మిగిలినా, పిల్లకు మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా ఎడబాట్లే మిగులుతాయి.

పసిపిల్లలకు స్పర్శ అక్కర్లేదని నేను అనడం లేదు. ఆసరా దొరకని పిల్ల తిండి మానేస్తుంది, చాలాసార్లు చనిపోతుంది కూడా. ఆ స్పర్శ ఎవరిది, ఎంతకాలం ఉంటుంది, ఎప్పుడు ఆగుతుంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో కిన్షాసా దగ్గర క్లోదీన్ ఆంద్రే 1994లో మొదలుపెట్టిన లోలా యా బొనొబో కేంద్రం దీనికి చక్కటి సమాధానం చూపించింది. అక్కడికి వచ్చే బొనొబో పిల్లల బాధ్యతను స్థానిక మహిళలకు అప్పగిస్తారు. ఉద్యోగంగా ఏళ్ల తరబడి అదే పనిలో ఉండే ఆ పెంపుడు తల్లులు పిల్లను మోస్తారు, ఆడిస్తారు, కాస్త కోలుకున్నాక తోటి పిల్లలతో కలుపుతారు. అక్కడి నుంచి అది పెద్ద బొనొబోల గుంపులోకి వెళుతుంది. 2009లో ఆ కేంద్రం మొదటిసారిగా ఒక గుంపును తిరిగి అడవిలో విడిచిపెట్టింది. బయటి నుంచి వచ్చి రెండు నెలల్లో వెళ్లిపోయేవారు ఆ తల్లుల స్థానంలోకి రాలేరు, వచ్చే ప్రయత్నం చేయకూడదు కూడా.

మీరు చూస్తున్న రెండో కేంద్రం బోర్నియోలో ఉందన్నారు కాబట్టి ఒరాంగుటాన్ల సంగతి కూడా చెప్పాలి. అడవిలో ఒరాంగుటాన్ పిల్ల ఏడెనిమిదేళ్లు తల్లి వెంటే తిరుగుతుంది. ఏ చెట్టు ఏ కాలంలో కాస్తుంది, ఏ బెరడు కింద చెదలు ఉంటాయి, చీకటి పడేలోగా కొమ్మలు వంచి గూడు ఎలా అల్లుకోవాలి అన్నవన్నీ తల్లిని చూసి నేర్చుకుంటుంది. తల్లి లేని పిల్లకు ఈ చదువంతా కేంద్రమే చెప్పించాలి. బోర్నియో దీవిలో మలేసియాకు చెందిన సబా రాష్ట్రంలోని సెపిలోక్ కేంద్రం 1964 నుంచి ఇదే పని చేస్తోంది. ఇండొనీషియాకు చెందిన బోర్నియో భాగంలో 1999లో ఏర్పడిన న్యారు మెంతెంగ్ కేంద్రం తన మొదటి ఒరాంగుటాన్లను బుకిత్ బతికాప్ అడవిలో విడిచిపెట్టగలిగింది 2012లో. జంతువు సిద్ధంగా ఉన్నా, దాన్ని విడిచిపెట్టడానికి తగినంత సురక్షితమైన అడవి దొరకడం మరో పెద్ద సమస్య. ఇన్నేళ్లు సాగే పనిలో ఒక వాలంటీరు పాత్ర చాలా చిన్నది. ఆ చిన్న పాత్రను శ్రద్ధగా చేసేవారి అవసరం మాత్రం అక్కడ ఎప్పుడూ ఉంటుంది.

మనిషిని నమ్మడం నేర్చుకున్న జంతువు పెద్దయ్యాక ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. మనుషుల చేతుల్లో పెరిగిన కోతి అడవిలో విడిచినా తిరిగి తోటల్లోకి, ఇళ్ల దగ్గరికి వస్తుంది. అక్కడ ఎదురయ్యే రైతు చేతిలో పాలసీసా ఉండదు. ఒకవేళ కేంద్రంలోనే ఉంచేసినా, ఈడుకు వచ్చిన మగకోతి తనను పెంచినవారినే కరిచే స్థితికి చేరుతుంది, చివరికి ఒంటరి బోనులో బతుకు వెళ్లదీస్తుంది. అందుకే బాగా నడిచే కేంద్రాల్లో, విడుదలకు దగ్గరపడిన జంతువుల దగ్గర మాట్లాడనివ్వరు. తిండి పెట్టే మనిషి కనబడకుండా గోడలో గొట్టం గుండా జారవిడుస్తారు. మనిషి అలికిడికి జంతువు పారిపోయి దాక్కుంటే అక్కడి సిబ్బంది సంతోషిస్తారు. కొత్తగా వెళ్లినవారికి ఇది మొదట్లో మనసుకు కష్టంగానే ఉంటుంది.

దూరం పాటించడానికి ఇంకో బలమైన కారణం మన జబ్బులు. మనకు పెదవి పేలితే నాలుగు రోజులు మంట పెట్టి తగ్గిపోతుంది. దానికి కారణమయ్యే హెర్పిస్ వైరస్ దక్షిణ అమెరికాలోని మార్మోసెట్, రాత్రికోతి వంటి చిన్న జాతులకు సోకితే ప్రాణం తీస్తుంది. ఐవరీ కోస్ట్‌లోని తాయీ అడవిలో 1999కీ 2006కీ మధ్య చింపాంజీలు గుంపులుగా జబ్బుపడి కొన్ని చనిపోయాయి. ఆ మరణాల వెనుక ఉన్నవి మనుషుల నుంచి వచ్చిన శ్వాసకోశ వైరస్‌లేనని 2008లో వెలువడిన పరిశోధన తేల్చింది. మనకు మామూలు జలుబు తెప్పించే వైరస్‌ల కోవకు చెందినవే అవి. అందువల్ల జలుబుగా ఉందని చెప్పి ఆ రోజు ఆవరణ దగ్గరికి వెళ్లకుండా ఉండే వాలంటీరే అక్కడ నమ్మదగిన వాలంటీరు. క్షయ పరీక్ష రిపోర్టు, టీకాల వివరాలు పంపమని అడగకుండానే రమ్మనే కేంద్రాన్ని అనుమానించండి.

ఫొటోల విషయానికి వస్తే, వాటి వల్ల జరిగే హాని ఆ కేంద్రంతోనే ఆగదు. మన దేవాంగపిల్లికి దగ్గరి చుట్టమైన స్లో లోరిస్ అనే చిన్న జంతువు ఆగ్నేయాసియా అడవుల్లో ఉంటుంది. దాని మోచేతి దగ్గరి గ్రంథి నుంచి వచ్చే ద్రవం లాలాజలంతో కలిస్తే విషమవుతుంది కాబట్టి, అమ్మేవాళ్లు మత్తు కూడా ఇవ్వకుండా దాని పళ్లు కత్తిరిస్తారు. 2007లో అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించే జాబితాలోకి చేర్చిన తర్వాత కూడా, పెంపుడు లోరిస్‌లను ముద్దు చేస్తున్న వీడియోలు చూసి తమకూ ఒకటి కావాలనుకున్నవారు లెక్కలేనంతమంది. కాపాడి తెచ్చిన జంతువే అయినా, మనిషి ఒడిలో ఉన్న ఫొటో చూసేవారికి అది పెంచుకోదగిన జంతువనే అనిపిస్తుంది. కింద ఎంత మంచి వ్యాఖ్య రాసినా ఆ ముద్ర పోదు. ఈ కారణంతోనే కోస్టారికా ప్రభుత్వం 2019లో అడవి జంతువులతో సెల్ఫీలు తీసుకోవద్దని ప్రచారం మొదలుపెట్టింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘానికి చెందిన ప్రైమేట్ నిపుణులు 2021లో మార్గదర్శకాలు కూడా విడుదల చేశారు. సిబ్బందితో కలిసి కోతులు, వానరాలు ఉన్న చిత్రాలు బయటపెట్టవలసి వస్తే, మధ్య కనీసం ఏడు మీటర్ల దూరం, మనిషి ముఖానికి మాస్కు కనిపించాలని అందులో సూచించారు. మొదటి కేంద్రం ప్రకటనను ఈ కొలతతో చూస్తే మీకే అర్థమవుతుంది.

ఇక పశువైద్యం చదవని మీ వల్ల ఉపయోగం ఉంటుందా అన్న ప్రశ్న. తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే అక్కడి పనిలో ఎక్కువ భాగం వైద్యం కాదు. రోజు వంటగదిలో మొదలవుతుంది. గోడకు తగిలించిన చార్టులో ఒక్కో జంతువు ఎదురుగా ఏది ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, దాని ప్రకారం కోసి, తూచి, వేరు వేరు గిన్నెల్లో సర్దాలి. మనకు పండ్లు మంచివి కదా అని ఆకులు తినే హౌలర్ కోతికి ఎక్కువ పండ్లు పెడితే దాని కడుపు పాడవుతుంది. దానికోసం ఎవరో ఒకరు కత్తి పట్టుకుని వెళ్లి లేత ఆకుల కొమ్మలు కోసుకుని రావాలి, అవి ఏ చెట్టువో పోల్చుకోవడం నేర్చుకోవాలి. తిండిని గిన్నెలో ఉన్నది ఉన్నట్టు పెట్టడం కూడా కుదరదు. వెదురు బొంగులకు రంధ్రాలు చేసి ముక్కలు అందులో కూరుతారు, ఆకుల్లో పొట్లం కట్టి తాడుతో పైకప్పుకు వేలాడదీస్తారు, ఎండుటాకుల కుప్పలో గింజలు చల్లుతారు. అడవిలో కోతికి పగటిపూట చాలాభాగం తిండి వెతుక్కోవడంలోనే గడిచిపోతుంది. బోనులో అది కాసేపట్లో తినడం ముగించేస్తే, మిగిలిన రోజంతా సొంత వెంట్రుకలు పీక్కుంటూనో, ఒకే చోట ముందుకూ వెనక్కూ ఊగుతూనో ఉండిపోతుంది. ఆ బొంగును విప్పడానికి అది పడే అవస్థే దానికి మందు.

ఆ తర్వాత శుభ్రం చేసే పని. పాచి తిండి ఎత్తడం, పేడ, మూత్రం కడగడం, క్రిమిసంహారక ద్రావణంలో గిన్నెలు నానబెట్టడం, నాచు పట్టిన నేలను బ్రష్షుతో రుద్దడం. ఆవరణకు సాధారణంగా రెండు తలుపులు ఉంటాయి. బయటిది మూసి, గొళ్లెం పెట్టి, చేత్తో లాగి చూసుకున్న తర్వాతే లోపలిది తెరవాలి. అలసిపోయిన సాయంత్రం కూడా ఆ లాగి చూడటం మానకూడదు, ఎందుకంటే ఒక్కసారి తలుపు పడకపోతే క్వారంటైన్‌లో ఉన్న జంతువు తన జబ్బుతో సహా అడవిలోకి వెళ్లిపోవచ్చు. క్వారంటైన్ కాలం సాధారణంగా ఒక నెల లేదా ఇంకా ఎక్కువ ఉంటుంది. అక్కడ పనిచేసేవారు చెప్పులు, బట్టలు మార్చుకోకుండా ఇతర జంతువుల దగ్గరికి వెళ్లరు.

మీ చదువు, ఉద్యోగం అక్కరకు రావని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాకు అలా అనిపించడం లేదు. ప్రతి జంతువుకూ ఒక రికార్డు ఉంటుంది: ఎంత తింది, ఎంత వదిలింది, విసర్జన ఎలా ఉంది, బరువు పెరిగిందా తగ్గిందా. చెట్ల మీద చాలా నెమ్మదిగా కదిలే స్లోత్ అనే జంతువు సుమారు వారానికి ఒక్కసారి మాత్రమే విసర్జిస్తుంది. ఆ తేదీ ఎవరో రాయడం మరిచిపోతే, జంతువు మలబద్ధకంతో బాధపడుతోందని కనిపెట్టేసరికి ఆలస్యమైపోతుంది. మందుల నిల్వ, గడువు తేదీలు, విరాళాల లెక్కలు, అటవీశాఖకు పంపవలసిన నివేదికలు చాలా కేంద్రాల్లో ఒకరిద్దరి మీదే పడి పేరుకుపోతాయి. అంకెలను క్రమంగా, తప్పు లేకుండా రాసే అలవాటు ఉన్నవారు వస్తున్నారంటే అక్కడివారికి అది పెద్ద ఊరట. మీ దరఖాస్తులో జంతువుల మీద ప్రేమ గురించి రెండు వాక్యాలు చాలు; లెక్కలు, రికార్డులు చూడగలనని మాత్రం స్పష్టంగా రాయండి. వడ్రంగం, కరెంటు పని, పైపుల మరమ్మతు తెలిసినవారికి కూడా ఇలాగే గౌరవం దొరుకుతుంది.

పిల్లలకు పాలు పట్టే పని మీకు ఎప్పుడైనా అప్పగించినా, అది ఫొటోలో కనిపించినంత సులువుగా ఉండదు. ఒళ్లు చల్లబడి వచ్చిన పిల్లకు వెంటనే పాలు పట్టకూడదు. ముందు నెమ్మదిగా వేడి తెప్పించాలి, తర్వాత ఒంట్లో తగ్గిన నీటిని భర్తీ చేయాలి, పాలు ఆ తర్వాతే. మనిషి పసిబిడ్డను పడుకోబెట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టి పాలు పడితే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. బోర్లా, తల కాస్త పైకి ఉండేలా ఆనించి, సిరంజిని చుక్క చుక్కగా నొక్కుతూ, అది మింగేదాకా ఆగాలి. రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా. ఇంత జాగ్రత్త అవసరమైన పనిని నిన్న దిగిన వాలంటీరు చేతికి ఇచ్చి ఫొటో తీసుకోమనే చోట, పిల్లల ప్రాణాలకు ఎంత విలువ ఇస్తున్నారో మీరే ఊహించండి.

డబ్బు సంగతి మీ ఇంట్లోవారికి ఇలా చెప్పండి. డబ్బు తీసుకోవడం ఒక్కటే మోసానికి గుర్తు కాదు. ఈ కేంద్రాల్లో చాలావాటికి ప్రభుత్వం నుంచి నిధులు రావు, వచ్చినా చాలవు. అటవీ అధికారులు పట్టుకున్న జంతువులను తెచ్చి అప్పగిస్తారే గానీ వాటి మేపుడు ఖర్చు ఇవ్వరు. మీరు తినే భోజనం, ఉండే గది, మీకు పని నేర్పడానికి సిబ్బంది వెచ్చించే సమయం కేంద్రానికి ఖర్చే. మీరు అడగవలసింది ఆ డబ్బు ఎటు పోతోందని. మధ్యవర్తి సంస్థ ద్వారా వెళుతుంటే అందులో కేంద్రానికి చేరే వాటా ఎంతో రాతపూర్వకంగా అడగండి. చెప్పడానికి ఇష్టపడకపోతే నేరుగా కేంద్రానికే రాయండి. స్థానికులకు జీతాలిచ్చి శాశ్వత ఉద్యోగాల్లో పెట్టుకున్నారా అన్నది కూడా నా దృష్టిలో ముఖ్యమైన ప్రశ్న. అడవి పక్కన బతికేవారికి ఆ అడవి జంతువుల వల్ల కుటుంబం గడిచే ఉద్యోగం దొరికితే, వేట మీద మోజు తగ్గుతుంది. వాలంటీర్లు తగ్గిన రోజున మూతపడే స్థితిలో ఉన్న కేంద్రం జంతువులకు కూడా భద్రమైన చోటు కాదు.

రెండు కేంద్రాలకూ ఒకే రకమైన ఉత్తరం రాసి, వచ్చిన జవాబులను పక్కపక్కన పెట్టి చూడండి. మీ దగ్గరికి జంతువులు ఎలా వస్తాయి, ప్రభుత్వ అనుమతి ఉందా, మీ దగ్గర పిల్లలు పుట్టిస్తారా, సందర్శకులు జంతువులను ముట్టుకుంటారా అని అడగండి. ఏడాది పొడవునా ముద్దొచ్చే పిల్లలు సిద్ధంగా ఉండే చోట అవి ఎక్కడి నుంచి వస్తున్నాయన్న ప్రశ్నకు నిక్కమైన సమాధానం ఉండి తీరాలి. డబ్బు ఇచ్చి కొని ‘కాపాడాం’ అని చెప్పుకునే చోట వేటగాడికి ఇంకో తల్లిని చంపడానికి పెట్టుబడి దొరికినట్టే. 2007లో ఏర్పడిన గ్లోబల్ ఫెడరేషన్ ఆఫ్ యానిమల్ శాంక్చురీస్ అనే సంస్థ వ్యాపారం కోసం సంతానోత్పత్తి చేయించని, సందర్శకులకు జంతువులను అందించని కేంద్రాలను పరిశీలించి గుర్తింపు ఇస్తుంది. ఆఫ్రికాలో అయితే 2000లో మొదలైన పాన్ ఆఫ్రికన్ శాంక్చురీ అలయన్స్ అనే కేంద్రాల సమాఖ్య ఉంది. ఈ గుర్తింపు ఉంటే మంచిదే. లేనంత మాత్రాన తీసిపారేయకండి, చిన్న కేంద్రాలకు ఆ కాగితాల పనికి మనుషులు ఉండరు. అలాంటప్పుడు గతంలో అక్కడ పనిచేసిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడించమని అడగండి.

అన్నిటికంటే ఎక్కువ విషయం బయటపెట్టే ప్రశ్న మాత్రం ఇది: గత కొన్నేళ్లలో ఎన్ని జంతువులు వచ్చాయి, ఎన్నిటిని విడిచిపెట్టారు, వాటిలో ఎన్ని బతికాయి, ఎన్ని చనిపోయాయి? మంచి కేంద్రం మరణాలను దాచదు, ఎందుకంటే వచ్చిన వాటిలో చాలా జంతువులు అప్పటికే చావుబతుకుల్లో ఉంటాయి. రెక్కలు కత్తిరించిన మకా చిలుకకు కొత్త ఈకలు రావాలి, ఆపైన రెక్కల కండరాలు గట్టిపడేదాకా పెద్ద ఆవరణలో ఎగరడం అలవాటు కావాలి. గిబ్బన్లు అనే చిన్న వానరాలు జంటలుగా, కుటుంబాలుగా బతుకుతాయి, తమ హద్దును పాటతో చాటుకుంటాయి. అందుకని ఒంటరి గిబ్బన్‌ను విడిచిపెట్టేకంటే దానికి సరైన జోడీ కుదిరేదాకా ఆగాలి, ఆ ఎదురుచూపు ఏళ్లు పట్టవచ్చు. పళ్లు పోయిన లోరిస్ అడవిలో బతకడం కష్టం. వీటిని జీవితాంతం చూసుకునే ఆశ్రయ కేంద్రాలు కూడా విలువైనవే, తాము చేస్తున్నది అదేనని దాపరికం లేకుండా చెబితే చాలు. విడిచిపెట్టామని చెప్పేవారు మాత్రం ఆ తర్వాత రేడియో కాలరుతోనో, వెంట తిరిగే సిబ్బందితోనో గమనిస్తున్నారా అని అడగండి. తలుపు తీసి, వీడియో తీసుకుని వెనక్కి వచ్చేయడాన్ని విడుదల అనలేం.

ఇందుకు మీ మనసును సిద్ధం చేసుకోవాలి. మీరు ఆకులు కోసుకొచ్చి పెట్టిన జంతువు మీరు ఉండగానే చనిపోవచ్చు. కోలుకునే ఆశ లేక బాధపడుతున్న జంతువుకు పశువైద్యులు నొప్పి తెలియకుండా ప్రాణం తీసే నిర్ణయం తీసుకోవచ్చు. ఆ నిర్ణయం దయలేనితనమని తొందరపడి అనుకోకండి. ఎందుకు తీసుకున్నారో అడిగితే వారు చెబుతారు. ఆ సాయంత్రం మిగతా జంతువుల తిండి టైముకు సిద్ధం కావాలి కాబట్టి, ఏడ్చినా పని ఆపకుండా ఉండగలిగినవారు అక్కడ నిలబడతారు.

అమ్మగారి భయాలు నిరాధారమైనవి కావు, వాటిని తేలిగ్గా తీసేయకండి. ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు ప్రయాణికుల ఆరోగ్యం తెలిసిన డాక్టరును కలవండి. రేబిస్ ముందస్తు టీకా తప్పనిసరి అనుకోండి. 2018 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వారం వ్యవధిలో రెండు మోతాదులుగా సూచిస్తోంది. టీకా వేయించుకున్నా, కాటు పడితే ఆ చోటును సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, మళ్లీ రెండు మోతాదులు తీసుకోవాల్సిందే. దక్షిణ అమెరికాలోనూ ఆఫ్రికాలోనూ చాలా వర్షారణ్య ప్రాంతాలకు ఎల్లో ఫీవర్ టీకా కావాలి. అది ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి, 2016 నుంచి ఆ ధ్రువపత్రం జీవితకాలం చెల్లుతుంది. ధనుర్వాతం, హెపటైటిస్, టైఫాయిడ్ టీకాల గడువు చూసుకోండి, మలేరియా మాత్రలు ఆ ప్రాంతాన్ని బట్టి డాక్టరు చెబుతారు. బోర్నియోలో మకాక్ కోతులు ఉంటాయి. వాటిలో ఉండే హెర్పిస్ బి వైరస్ మనిషికి సోకడం చాలా అరుదే అయినా, సోకితే ప్రాణాంతకం, కాబట్టి చిన్న గీరుపడినా దాచకుండా అప్పుడే చెప్పాలి. వానలో నానిన అడవిలో చిన్న గాయం కూడా త్వరగా మానదు, చీము పడుతుంది. జంతువుల మూత్రం కలిసిన నీళ్లలో గాయమున్న కాళ్లతో తిరిగితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి రబ్బరు బూట్లు విప్పకండి, పొద్దున్నే వేసుకునే ముందు వాటిని బోర్లించి దులపండి. జలగలు చూడటానికి భయం గొలుపుతాయే గానీ వాటి వల్ల పెద్ద హాని లేదు.

భద్రత కోసం అడగవలసినవి ఇంకో మూడు నాలుగు ఉన్నాయి. దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, వర్షాలకు దారి తెగిపోతే ఎలా తీసుకెళతారు, రేబిస్ మందు అక్కడ దొరుకుతుందా, ఆడవారికి వేరే గదులు ఉన్నాయా, ఫోను సిగ్నల్ లేని రోజుల్లో ఇంటికి కబురు ఎలా అందుతుంది అని కనుక్కోండి. అత్యవసరంగా హెలికాప్టరులోనో విమానంలోనో తరలించే ఖర్చును, జంతువులతో పనిచేసేటప్పుడు తగిలే గాయాలను కూడా భరించే బీమా తీసుకోండి. మామూలు పర్యాటక బీమాలు చాలావరకు ఈ రెండో దాన్ని మినహాయిస్తాయి. వీసా విషయంలో కేంద్రం వాళ్లు నోటిమాటగా చెప్పింది నమ్మకండి. జీతం లేని పనైనా సరే, పర్యాటక వీసా మీద చేయడాన్ని అనేక దేశాలు ఒప్పుకోవు. రాయబార కార్యాలయాన్ని నేరుగా అడిగి తెలుసుకోండి. కేంద్రం పంపిన జవాబులన్నీ అమ్మగారికి చదివి వినిపించండి, వీలైతే అక్కడి వాలంటీర్ల బాధ్యత చూసే వ్యక్తితో ఒకసారి ఆమెను కూడా మాట్లాడనివ్వండి.

చివరిగా మీ సెలవు గురించి. రెండు నెలలను రెండు కేంద్రాల మధ్య పంచుకునే ఆలోచన ఉంటే మానుకోండి. కొత్తవారికి పని నేర్పడంలోనే సిబ్బందికి మొదటి వారమో రెండు వారాలో గడిచిపోతాయి, మీ వల్ల నిజంగా లాభం మొదలయ్యేది ఆ తర్వాతే. మొత్తం కాలం ఒకే చోట ఉంటానని, రికార్డుల పని కూడా చేస్తానని బోర్నియో కేంద్రానికి ఈ వారంలోనే రాయండి. వారి జవాబు వచ్చేలోగా రేబిస్ టీకా మొదటి మోతాదు వేయించుకోవచ్చు.